తండ్రి ఒకరు, తల్లులు వేరు: పెద్దయ్యాక తోబుట్టువుల మధ్య రాకపోకలు నిలబెట్టుకోవడం ఎలా?

దేవరకొండ, కల్వకుర్తి, మిర్యాలగూడ వైపు పాఠకులు ఒకే సంగతిని మార్చి మార్చి అడుగుతున్నారు. మొదటి భార్య పోయాక నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, లేదా అమ్మ మారుమనువు చేసుకుంది. ఇద్దరు తల్లుల పిల్లలూ ఇప్పుడు పెద్దవాళ్లు. ఒకరు హైదరాబాదులో, ఒకరు ముంబయిలో, ఒకరు ఊళ్లో ఉంటారు. ఎదురుపడితే పలకరించుకుంటారు. భూమి మాటో ముసలితల్లి మందుల మాటో వచ్చేసరికి నోళ్లు మూతపడతాయి. ఏం చేయాలి?

ఏం చేయాలన్నది సగం మందికి తెలుసు. ఏది ముందు చేయాలో తెలియక చెడగొట్టుకుంటారు. ముందు రాకపోకలు, తరువాత పెద్దల ఆలన, ఆ తరువాతే భూమి. చాలా ఇళ్లలో తండ్రి పోయిన పదో రోజున భూమితో మొదలుపెట్టి అక్కడే తెగిపోతున్నారు. ఈ వరుస తప్పకుండా నడవడానికే ఈ మార్గదర్శి.

1. మీ కుటుంబం ఏ తీరుదో ముందు తేల్చుకోండి

పైకి అన్నీ ఒకేలా కనిపించినా మన పల్లెల్లో ఇవి నాలుగు తీరులు. మొదటి భార్య చనిపోయాకో విడాకులయ్యాకో తండ్రి మళ్లీ పెళ్లి చేసుకోవడం ఒకటి. మొదటి భార్య ఉండగానే మరొకరిని తెచ్చుకోవడం రెండోది. తల్లి మారుమనువు చేసుకొని బిడ్డను వెంట తెచ్చుకోవడం మూడోది. ఇద్దరికీ ముందు పెళ్లి పిల్లలుండి, ఆ పిల్లల మధ్య రక్తసంబంధమే లేకపోవడం నాలుగోది.

మర్యాదలు నాలుగింటికీ ఒకటే. వాటాల లెక్క మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. పక్కింటి తీర్పును తెచ్చి మీ ఇంటికి అంటించుకుంటే మొదటి అడుగే తప్పుతుంది.

ఎవరితోనూ మాట్లాడకముందు ఒక తెల్లకాగితం మీద ఇవి రాయండి:

☐ ఇద్దరు తల్లుల పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు
☐ పెళ్లిళ్ల తేదీలు, మొదటి పెళ్లి ముగిసిన తీరు (మరణమా, కోర్టు విడాకులా, కులపెద్దల ముందు తెగదెంపులా)
☐ పెద్దల ముందు రాసుకున్న కాగితం ఉంటే అది ఎవరి దగ్గరుంది
☐ ఎవరెవరికి మాటల్లేవు, ఎప్పటి నుంచి
☐ మాటలు ఆగిన రోజు నిజంగా ఏం జరిగింది

చివరిది రాసేటప్పుడు చేయి ఆగుతుంది. అయినా రాయండి. చాలాసార్లు ఆ రోజు గొడవపడింది తల్లులు, మేనమామలు. పిల్లలు పక్కన నిలబడి చూశారు, అంతే. ఆ కోపాన్ని వారసత్వంగా మోయనక్కరలేదు.

2. మీ ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి

కన్నతల్లికి తెలియకుండా సవతి అన్నకు ఫోను చేస్తే, ఆ సంగతి ఆమె చెవిన పడిన రోజు మీకు రెండు గొడవలు. "అమ్మా, నేను అన్నతో మాట్లాడబోతున్నాను. నీ మీద ఒక్క మాట పడనివ్వను" అని కూర్చోబెట్టి చెప్పండి. అనుమతి అడగవద్దు, సమాచారం ఇవ్వండి. నలభై ఏళ్ల మనిషి తన అన్నతో మాట్లాడటానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. అయితే ఆమె భయం నిజమైనది. ఆ ఇంట్లో ఆమె ఏళ్ల తరబడి పడిన మాటలు మీకు తెలియకపోవచ్చు.

భార్యతోనో భర్తతోనో కూడా ముందే మాట్లాడండి. ఖర్చు వాళ్ల ఇంట్లోంచి కూడా పోతుంది.

3. మొదటి పలకరింపు

మధ్యవర్తి వద్దు. అత్త చేతనో చిన్నాన్న చేతనో కబురు పంపితే మీ మాట వాళ్ల మాటై చేరుతుంది. నేరుగా ఫోను చేయండి.

"అక్కా, నేను తమ్ముణ్ణి, దామరచర్ల నుంచి మాట్లాడుతున్నాను. బావ బాగున్నాడా? పిల్లలు ఏం చదువుతున్నారు? పనేమీ లేదు, మాట్లాడి చాలా రోజులైందని చేశాను."

అంతే. అవతల మౌనం ఉంటుంది. "ఎందుకు చేసినట్టు?" అన్న అనుమానం ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి మాటలు పెంచవద్దు. ఆరోగ్యం అడిగి, మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేయండి. రెండో ఫోను కూడా ఇలాగే ఏ పనీ లేకుండా జరగాలి. పని ఉన్నప్పుడే గుర్తొస్తామన్న మాట సవతి తోబుట్టువుల మధ్య ఎక్కువగా వినిపించే నిష్ఠూరం. రెండు మూడు ఫోన్లతోనే దాన్ని తుడిచేయవచ్చు.

సమయం చూసుకోండి. వడ్ల ట్రాక్టరు మిల్లు ముందు వరుసలో ఉన్న రోజున రైతుకు ఏ మాటా పట్టదు.

మొదటిసారి కలవడానికి ఎవరి ఇల్లూ వద్దు. చెరువుగట్టు జాతర, కురుమూర్తి జాతర, బంధువుల పెళ్లి లాంటి చోటు మేలు. అక్కడ ఎవరూ ఆతిథ్యం ఇచ్చేవారు కారు, ఎవరూ మెట్టు దిగివచ్చినవారూ కారు. పిల్లలను తీసుకెళ్లండి. పెద్దవాళ్లకు మాటలు దొరకనప్పుడు పిల్లలు ఆడుకుంటూ పని నడిపిస్తారు.

4. మర్యాదలు: ఈ అడుగు దగ్గర తొందరపడవద్దు

తెలంగాణలో తోబుట్టువుల బంధం ఏడాదిలో కొన్ని రోజుల మీద నడుస్తుంది. ఆ రోజులు తప్పిపోతే మనసులో ఎంత ప్రేమ ఉన్నా లెక్కలోకి రాదు. అన్నిటికీ ఒకే సూత్రం పెట్టుకోండి: ఏ తల్లి బిడ్డ అన్నది చూడకుండా వయసు వరుస పాటించాలి. పెళ్లి కార్డులో పేర్లు, పీటల మీద కూర్చోవడం, బట్టలు పెట్టడం, అన్నీ ఆ వరుసలోనే.

రాఖీ పౌర్ణమి. ఆ రోజు బస్సులు కిక్కిరిసి ఉంటాయి. నలుగురు అన్నదమ్ములు నాలుగు ఊళ్లలో ఉంటే చెల్లెలు అందరి దగ్గరకూ వెళ్లలేదు. ఎవరి దగ్గరకు వెళ్లిందన్నదే ఆ తరువాత మాట పడటానికి కారణమవుతుంది. ఆమెను ఎంచుకోమనకుండా, ముందు రోజే అన్నదమ్ములు మాట్లాడుకొని ఒక ఇంట్లో చేరండి. కానుక అందరూ ఒకే మొత్తం ఇవ్వండి. సొంత తమ్ముడు చీర, సవతి అన్న వంద నోటు ఇస్తే ఊరంతా చూస్తుంది.

ఒడిబియ్యం, అంటే పుట్టింటివారు ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసే వేడుక. తల్లి పోయాక సవతి చెల్లెలికి ఒడిబియ్యం ఎవరు పోయాలన్న ప్రశ్న దగ్గర చాలా ఇళ్లు తడబడతాయి. ఆమె కన్నతల్లి కొడుకులే పోస్తారులే అని పెద్ద అన్న ఊరుకుంటాడు, పెద్ద అన్న పిలుస్తాడని తమ్ముడు ఊరుకుంటాడు. ఏళ్లు గడిచిపోతాయి. ఆమె నోరు తెరిచి అడగదు. అడగాల్సి రావడమే అవమానం.

కాబట్టి పెద్ద అన్నే పిలుపు పంపాలి. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, పోకలు, రవికె బట్ట సిద్ధం చేసేటప్పుడు ఖర్చు అన్నదమ్ములందరూ పంచుకోండి. చెల్లెలిని, బావను పీటల మీద కూర్చోబెట్టాక ముందు పెద్ద వదిన, తరువాత చిన్న వదిన దోసిళ్లతో పోయాలి. బియ్యం ఒడిలో పడుతుంటే చెల్లెలు కొంగు గట్టిగా పట్టుకొని తల వంచుకుంటుంది. ఆ దోసిళ్లు ఇద్దరు తల్లుల కోడళ్లవీ అయిన రోజున ఆమెకు పుట్టిల్లు ఒక్కటే అవుతుంది. అత్తగారింట్లోనూ ఆమె మాటకు బలం వస్తుంది.

పెత్రమాస (పితృ అమావాస్య). చనిపోయిన మొదటావిడ పేరున స్వయంపాకం ఇవ్వడం మరచిపోవద్దు. వీలైతే చిన్నమ్మే, అంటే నాన్న రెండో భార్యే, తన చేతితో ఇవ్వాలి. పెద్ద భార్య పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండేలా పిలవండి. గోడ మీద నాన్న ఫొటో పక్కన ఇద్దరు తల్లుల ఫొటోలూ ఉండాలి. ఒక ఫొటో అటక మీదకు పోయిన ఇంట్లో ఆ తల్లి పిల్లలు అతిథుల్లా కూర్చుంటారు.

మేనమామ వరుస. చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టించినప్పుడు, పెళ్లిలో మేనమామ బట్టలప్పుడు సవతి అన్నను కూడా పిలవండి. పిలవడం చెల్లెలి బాధ్యత, రావడం అన్న బాధ్యత.

5. పెద్దల ఆలన

తండ్రి ముందు పోయి చిన్నమ్మ మిగిలిన ఇళ్లలోనే చిక్కు ఎక్కువ. పెద్ద భార్య పిల్లలు "ఆమెకు ఆమె కొడుకు ఉన్నాడు" అంటారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రకారం "తల్లి" అంటే సవతి తల్లి కూడా. అంటే బాధ్యత రెండు వైపులా ఉంది. ఫిర్యాదు చేస్తే రెవెన్యూ డివిజన్ అధికారి (ఆర్డీవో) అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ విచారిస్తుంది. ఆ చట్టం కింద నెలకు పది వేల రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఇది తెలిసి ఉండాలని చెబుతున్నాను. పలకరింపులు మొదలైన ఇంట్లో దీన్ని బెదిరింపుగా వాడవద్దు.

నెలకొక ఇంటి వంతు పద్ధతి నాకు నచ్చదు. డెబ్బై దాటిన మనిషి మందుల సంచి, రెండు చీరలు పట్టుకొని ఇల్లిల్లూ తిరగడం ఆమె మర్యాదకు తగదు, బీపీ మందులూ తప్పుతాయి. ఆమె కోరుకున్న చోటే ఉంచండి. దగ్గరుండి చూసేవారు చాకిరీ చేస్తారు, దూరాన ఉన్నవారు డబ్బు పంపుతారు. చాకిరీని కూడా వాటాగా లెక్కించండి. ఈ మాట అందరూ ఒప్పుకుంటే తొంభై పాళ్లు గొడవలుండవు.

☐ నెల ఖర్చు ఒక నోటు పుస్తకంలో, రశీదుల ఫొటోలు తోబుట్టువుల వాట్సాప్ గ్రూపులో
☐ ఆ గ్రూపులో తోబుట్టువులు మాత్రమే. కోడళ్లు, అల్లుళ్లు, మేనమామలు వేరే గ్రూపులో
☐ ఆసుపత్రి ఖర్చుకు ముందే అనుకున్న అత్యవసర మొత్తం
☐ ఆమె ప్రభుత్వ పింఛను ఆమెదే, ఖర్చుల్లో కలపవద్దు
☐ దూరాన ఉన్నవారు ఏడాదికి కొన్ని రోజులు వచ్చి దగ్గరుండాలి, చూసుకునేవారికి విశ్రాంతి దొరకాలి

పెద్దల కోసం సలహా కావాలంటే 14567 ఉచిత సహాయవాణి ఉంది.

6. భూమి, ఇల్లు, డబ్బు

ఇక్కడికి వచ్చేసరికి కనీసం ఒక పండుగ కలిసి గడిపి ఉండాలి. తండ్రి బతికి ఉండగానే ఈ మాట ఎత్తడం మేలు. ఆయన ముందు, అందరూ ఉన్నప్పుడు, పగటిపూట మాట్లాడండి. కింద చెప్పేది హిందూ వారసత్వ చట్టం ప్రకారం. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు నియమాలు వేరు.

మొదట భూమి స్వార్జితమా (తండ్రి తానుగా సంపాదించిందా), పిత్రార్జితమా (తాతల నుంచి వచ్చిందా) తేల్చండి. పాత పహాణీలు (భూమి రికార్డు నకళ్లు), లింకు దస్తావేజులు (భూమి ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఈ ఒక్క ప్రశ్న వాటాలను ఎంత మారుస్తుందో చూడండి.

తండ్రికి ఎనిమిది ఎకరాలు. మొదటి భార్య చనిపోయింది, ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. రెండో భార్య ఉంది, ఆమెకు ఒక కొడుకు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. నాయనమ్మ లేదు.

స్వార్జితమైతే ముగ్గురు పిల్లలు, భార్య కలిసి నాలుగు సమాన వాటాలు, తలా రెండెకరాలు. తరువాత చిన్నమ్మ వీలునామా లేకుండా పోతే ఆమె రెండెకరాలు ఆమె కన్నకొడుక్కే వెళ్తాయి. సవతి పిల్లలకు రావు. అంటే చివరికి ఒకరికి నాలుగు, మిగతా ఇద్దరికి చెరి రెండు.

పిత్రార్జితమైతే ముందు తండ్రి, ముగ్గురు పిల్లలు తలా రెండెకరాలకు హక్కుదారులు. తండ్రి రెండెకరాలు మళ్లీ నలుగురికి పంచితే తలా ఇరవై గుంటలు (అర ఎకరం). పిల్లలకు తలా రెండున్నర ఎకరాలు, చిన్నమ్మకు ఇరవై గుంటలు. కూతురికి కొడుకుతో సమాన హక్కు 2005 సవరణతో వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

చిన్నమ్మ తదనంతరం ఆ వాటా ఎవరికన్నది ఆమె బతికి ఉండగానే మాట్లాడుకోండి. పెద్ద భార్య పిల్లలకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసినప్పుడే మోసపోయామన్న బాధ పుడుతుంది. నిజానికి అక్కడ మోసం లేదు, చట్టం అలా ఉంది. ఆమె కావాలనుకుంటే వీలునామాతో అందరికీ రాయవచ్చు.

మొదటి భార్య ఉండగా, విడాకులు లేకుండా జరిగిన రెండో పెళ్లి చెల్లదు. ఆ రెండో ఆమెకు భార్యగా వారసత్వం ఉండదు. ఆమె పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో హక్కు ఉంది. పిత్రార్జితంలో తండ్రి వాటాకు వచ్చే భాగంలోనూ ఉందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ పిల్లలను "మీకేం హక్కు" అని నోరు జారవద్దు. కులపెద్దల ముందు జరిగిన తెగదెంపులు ఆచారమని రుజువైతే చెల్లుతాయి. ఆ కాగితాన్ని భద్రపరచండి.

తల్లి వెంట వచ్చిన బిడ్డకు మారుతండ్రి ఆస్తిలో తనంతట తానుగా వాటా రాదు, కన్నతండ్రి ఆస్తిలో వస్తుంది. పెంచి పెద్ద చేసినంత మాత్రాన దత్తత కాదు. మారుతండ్రికి ఇవ్వాలని ఉంటే దానపత్రమో వీలునామానో రాయాలి. తల్లి ఒకరై తండ్రులు వేరైనవారు చట్టం చెప్పే అన్నదమ్ముల వరుసలో ఒకరికొకరు వారసులు కారన్నదీ గుర్తుంచుకోండి. పెళ్లికాని అన్న అలాంటి తమ్ముడికి ఇవ్వాలనుకుంటే రాసి పెట్టడమే సరైన దారి.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, ఇద్దరు సాక్షులు కావాలి. వాటా పొందేవారు సాక్షులుగా ఉండవద్దు. రిజిస్టర్ చేయిస్తే తరువాత అనుమానాలు తగ్గుతాయి. స్వార్జితాన్నీ, పిత్రార్జితంలో తన వాటానూ మాత్రమే తండ్రి వీలునామాలో రాయగలడు.

తండ్రి పోయాక విరాసత్ దరఖాస్తు, అంటే భూమిని వారసుల పేరున మార్పించే దరఖాస్తు పెట్టాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి భూమి రికార్డులకు ధరణి స్థానంలో భూభారతి అమల్లోకి వచ్చింది. తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి, విచారించి పేర్లు ఎక్కిస్తారు. నిర్ణయం నచ్చకపోతే ఆర్డీవోకు అప్పీలు ఉంది. దరఖాస్తులో ఒక్క వారసుడి పేరు కూడా దాచవద్దు. ముంబయిలో ఉన్న తమ్ముడికి తెలియదులే అనుకొని వదిలేసిన పేరే ఏళ్ల తరువాత కోర్టులో కాగితమై ఎదురొస్తుంది.

తీయవలసిన కాగితాలు:

☐ మరణ ధ్రువపత్రం (మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి)
☐ మీసేవ ద్వారా కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇద్దరు తల్లుల పిల్లల పేర్లతో
☐ పట్టాదారు పాసు పుస్తకం, పాత పహాణీలు, ఈసీ
☐ ఇంటి పన్ను రశీదులు
☐ బ్యాంకు, బీమా పత్రాలు, నామినీ పేర్లు
☐ బంగారం జాబితా: ఏది ఏ తల్లిది

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చనిపోయిన తల్లి పుస్తెలతాడు ఆమె కూతురికి చేరాలి. దాన్ని తూకం వేసి పంచడం కంటే పెద్ద తప్పు లేదు.

నామినీల సంగతి తండ్రి ఉండగానే చూడండి. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల రైతులకు వర్తిస్తుంది, ఐదు లక్షల రూపాయలు నేరుగా నామినీ ఖాతాలో పడతాయి. చనిపోయిన మొదటి భార్య పేరే ఇంకా ఉంటే వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గర మార్పించండి. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు అందుకొని వారసులకు అప్పగించాల్సిన మనిషి. ఆ డబ్బంతా తనదే అనుకోవద్దు.

చెల్లెలు తన వాటా వద్దంటే వెంటనే సంతకం తీసుకోవద్దు. అన్నలు, వదినలు చుట్టూ ఉండగా "వద్దులే అన్నా" అనని ఆడబిడ్డ అరుదు. కొన్ని రోజులాగి, ఆమె తన ఇంట్లో ఉన్నప్పుడు మళ్లీ అడగండి. అప్పటికీ వద్దంటే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించండి.

7. చావు ఇంట్లో

తలకొరివి ఎవరు పెట్టాలన్నది తండ్రి మంచాన ఉన్నప్పుడే తేల్చుకోండి. ఖర్చుల పుస్తకం బావ చేతికో ఊరి పెద్ద చేతికో ఇవ్వండి, కొడుకుల చేతిలో ఉండవద్దు. మరణ నమోదు, బీమా పనులు వెంటనే చేయాలి. వాటాల మాట మాత్రం మాసికం దాటాకే. పదో రోజున ఎవరైనా బంధువు ఎత్తితే "ఫలానా తేదీన మేమే కూర్చుంటాం" అని పెద్దవాడు ఆ మాటను అక్కడే ఆపాలి. తేదీ చెప్పకుండా ఆపితే దాస్తున్నారనుకుంటారు.

8. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

తండ్రి చేసిన అన్యాయానికి తమ్ముణ్ణి నిలదీయడం. నిన్ను హాస్టల్లో వేసి వాడిని ఇంట్లో పెంచితే అది వాడి నిర్ణయం కాదు, అప్పుడు వాడు పసివాడు. నోరు జారితే ఆ వారంలోనే వెళ్లి "నా కోపం నీ మీద కాదు" అని చెప్పండి.

"సొంత", "సవతి" అని పిల్లల ముందు అనడం. ఒక్కసారి విన్నా పిల్లలు మరచిపోరు. మీ పిల్లలకు పెదనాన్న, మేనత్త అనే నేర్పండి.

అప్పు ఇచ్చి రాయకపోవడం. పదివేలైనా తేదీతో రాసుకోండి. తిరిగి రాదనుకుంటే ఇచ్చేటప్పుడే సాయమని చెప్పి ఇవ్వండి.

పెళ్లి కార్డులో ఒకరి పేరు తప్పిపోతే కొత్త కార్డు అచ్చు వేయించి, స్వయంగా తీసుకెళ్లి బొట్టు పెట్టి పిలవండి. ఫోనులో క్షమాపణ సరిపోదు.

9. అవతలివారు కదలకపోతే

ఏడాది పాటు పండుగ పిలుపులు పంపండి, జవాబు రాకపోయినా సరే. డబ్బు కోసం కొట్టడం, బెదిరించడం జరిగి ఉంటే మాత్రం వెళ్లవద్దు, పిలవవద్దు. అలాంటి చోట దూరమే సరైనది.

వాటాల చిక్కు మాటలతో తెగకపోతే నేరుగా దావాకు పోకుండా మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయ సహాయం ఉచితం. సహాయవాణి నంబరు 15100. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే సంతకం ముందు సర్వే నంబర్లు, గుంటలు, హద్దులు ఒక్కొక్కటీ చదివించుకోండి.

కేసు నడుస్తున్నా రాఖీకి వెళ్లవచ్చు. "ఈ రోజు కోర్టు మాట ఎత్తను, నువ్వూ ఎత్తవద్దు" అని ముందు రోజే ఫోనులో అనుకొని వెళ్లండి.